కొల్లేటికి బస్సు కట్టించుకుని వెళ్లే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అపార్టుమెంటు వాళ్లు ముప్పై మంది డిసెంబరులో భీమవరం నుంచి బస్సులో కొల్లేరు చూడబోతున్నారనీ, ఏర్పాట్లన్నీ నీ నెత్తిన పడ్డాయనీ మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన కాగితం చూశాను. పొద్దున ద్వారకా తిరుమల, మధ్యాహ్నం కొల్లేరు, సాయంత్రం ఏలూరులో బట్టల షాపులు అని రాశావు. ముందు ఆ ద్వారకా తిరుమల కొట్టెయ్యమ్మా. చినవెంకన్న దగ్గర దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కణ్ణుంచి కొల్లేటి ఒడ్డుకి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. అందరూ కిటికీలోంచి చేపల చెరువులు చూసి, అదే కొల్లేరనుకుని ఇంటికొస్తారు. వెంకన్నకి ఇంకో రోజు పెట్టుకోండి. కొల్లేటికి రోజంతా ఇచ్చి, రెండే చోట్ల దిగండి: ఆటపాక, కొల్లేటికోట. మిగతాదంతా నిదానంగా నడిచే బస్సులోంచి చూడాల్సిందే.

చెరువుకీ కొల్లేటికీ తేడా బస్సు ఎక్కగానే పిల్లలకి చెప్పు. నలుచదరంగా గట్లు, నీళ్లలో పాతిన కర్రలు, వాటికి వేలాడే మేత సంచులు కనిపిస్తే అది చేపల చెరువు. గట్టు లేకుండా కిక్కిస దుబ్బులు, గుర్రపుడెక్క, మధ్యమధ్య తేటనీళ్లు పరుచుకుని ఉంటే అది కొల్లేరు. ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపల 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. 2006లో ఆ కాంటూరు లోపలి చెరువు గట్లు కొట్టేశారు. దారిలో అక్కడక్కడా తెగిన గట్లు కనిపిస్తే ఎందుకున్నాయని పెద్దవాళ్లే అడుగుతారు, ఈ ముక్క గుర్తుపెట్టుకో.

డిసెంబరు మంచి నెలే. వలస పక్షులు దిగి ఉంటాయి, గూడబాతులు (పెలికాన్లు) గూళ్ల మీద ఉంటాయి. జనవరి అయినా బాగుంటుంది గానీ సంక్రాంతి వారం వద్దు. మన భీమవరం చుట్టుపక్కల రోడ్లన్నీ కోడిపందాల జనంతో నిండిపోతాయి, బస్సూ దొరకదు. ఆదివారం కూడా వదిలెయ్. కొల్లేటికోట గుడిలో పెద్దింట్లమ్మకి వేడి నైవేద్యాలు పెట్టేవాళ్లంతా ఆ రోజే వస్తారు. రెండో శనివారమైతే పిల్లలకి బడి ఉండదు, మీకూ కుదురుతుంది.

ఇక బస్సు. ఏసీ బస్సు మాట్లాడొద్దు. దాని అద్దాలు తెరుచుకోవు, పైగా రంగు అద్దాలు. మంచు వేళ బయట చెమ్మ పట్టి ఏమీ కనపడదు. జరిపే కిటికీలున్న మామూలు మినీ బస్సు చాలు. ముప్పై మందికి 35 సీట్లది తీసుకో, సామాన్లకి వెనక సీట్లు పనికొస్తాయి. పెద్ద బస్సు ఎందుకు వద్దంటున్నానంటే, కొల్లేటి లంక ఊళ్లలో రోడ్డు సన్నం, రెండు పక్కలా నల్లమట్టి అంచు. ఎదురుగా చేపల లారీ వస్తే ఎవరో ఒకరు అంచు దిగాలి. వాన పడిన వారంలో ఆ మట్టిలో దిగిన చక్రం మళ్లీ పైకి రాదు.

ఒప్పందం నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించు. కిలోమీటర్ల లెక్క షెడ్డు నుంచి షెడ్డుకా, మీ గేటు నుంచి గేటుకా. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా ఎవరివి. అనుకున్న గంటలు దాటితే గంటకి ఎంత. ఈ మూడూ రాసుకోకపోతే రాత్రి దిగేటప్పుడు గొడవ తప్పదు. మొత్తం చుట్టు 150 కిలోమీటర్లకి అటూ ఇటూ వస్తుంది. ఎక్కేవాళ్ల పేర్లు, వయసులు రాసి రెండు ప్రతులు తియ్యి, అద్దె బస్సుని ఆపినప్పుడు ఆ జాబితా అడుగుతారు. డ్రైవరుతో మరో రెండు మాటలు ముందే చెప్పు: కొల్లేటి రోడ్డు మీద వేగం ముప్పై దాటించొద్దు, ఎయిర్ హారన్ కొట్టొద్దు. పాటల పెట్టె సంగతి మీవాళ్లకి నువ్వే చెప్పుకో.

పొద్దున్న ఐదున్నరకి కదలాలి. ఐదున్నర అంటే బస్సు కదిలే వేళ, జనం పోగయ్యే వేళ కాదు. అందరికీ ఐదింటికని చెప్పు. ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు 35-40 కిలోమీటర్లు ఉంటుంది. ఎండ మీ వెనకనుంచి పడుతుంది కాబట్టి చూడ్డానికి ఇబ్బంది లేదు, మంచు కమ్మితే మాత్రం డ్రైవర్ని తొందరపెట్టకండి. ఆకివీడులో ఇడ్లీ కట్టించుకుని బస్సులోనే తినండి, కూర్చుంటే ముప్పావుగంట పోతుంది. ఆకివీడు దాటాక ఉప్పుటేరు వంతెన వస్తుంది, అక్కడ కాస్త నిదానించమను. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు చాలా వస్తాయి. నీళ్లు సముద్రానికి పోయే దారి మాత్రం ఆ ఉప్పుటేరొక్కటే.

ఆటపాక కైకలూరుని ఆనుకునే ఉంది. మీ రోజులో అసలైన భాగం ఇదే, రెండున్నర గంటలు పెట్టుకో. అటవీ శాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు, గూడబాతులు వాటి మీదా చెట్ల మీదా గూళ్లు కడతాయి. బోటులో కొద్దిమందే పడతారు. ముప్పై మందినీ మూడు జట్లుగా విడగొట్టు. ఒక జట్టు నీళ్లమీద ఉంటే ఒకటి గట్టున నడుస్తుంది, ఇంకొకటి పర్యావరణ విద్యా కేంద్రంలో పక్షుల నమూనాలు చూస్తుంది. అలా చెయ్యకపోతే అందరూ బోటు దగ్గరే నిలబడి విసుక్కుంటారు. ముసలివాళ్లూ పిల్లలూ మొదటి జట్టు, ఎండెక్కకముందే దిగిపోతారు. లైఫ్ జాకెట్టు తాళ్లు ముడివేశాకే బోటు కదలనివ్వు.

బోటు మనిషికి డబ్బులెక్కువిచ్చి గూళ్ల కిందకి తీసుకెళ్లమనకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. బెదిరిన తల్లిపక్షి లేచిపోతే గుడ్లకీ, ఈకలు రాని పిల్లలకీ ఎండ తగులుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. మీకు ఒక ఫొటో, దానికి ఒక ఏడాది కాపు. దూరం నుంచే బోలెడు కనిపిస్తుంది. తల్లి ముక్కు కింది సంచిలోకి పిల్ల తలంతా దూర్చి చేపలు తినడం చూపిస్తే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. తోక దగ్గర గులాబీ రంగున్నది ఎర్రకాళ్ల కొంగ, ముక్కు రెండు దవడల మధ్య సందున్నది నత్తగుల్ల కొంగ, నీళ్లలో ఒళ్లంతా మునిగి పాములా మెడ ఒక్కటే తేలేది పాముబాతు. నల్లగా ఉండి నుదుట తెల్లబొట్టుంటే బొల్లికోడి. గుంపులుగా తేలే చిన్న బాతుల్ని మనవాళ్లు పరజలంటారు. దుర్భిణి 8×42ది ఒకటి ఉంటే చాలు, అంతకన్నా పెద్దదైతే బోటులో బొమ్మ ఊగిపోతుంది. అందరికీ టోపీలు పెట్టించు, ఎండకే కాదు, పైనుంచి రెట్ట పడుతుంది. డ్రోను తెస్తానన్న కుర్రాడెవడైనా ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మను, అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు.

గట్టున కూర్చుని మాత్రం తినొద్దు. మెతుకులు పడితే కాకులు చేరతాయి, తర్వాత అవి గూళ్ల మీదకే పోతాయి. కైకలూరులో భోజనాల హోటలుకి ముందురోజే ఫోను చేసి ఎంతమందో చెప్పు, చేపల పులుసు కావాలన్నా అప్పుడే చెప్పాలి. ఇంటినుంచే తెచ్చుకుంటామంటే పులిహోరకి మూడు కిలోల బియ్యం, పెరుగన్నానికి రెండు కిలోలు చాలు. పెరుగన్నంలో తెల్లవారుజామున పెరుగు కలిపేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు గరిటెలే కలపండి, తినేవేళకి సరిగ్గా తోడుకుంటుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు, స్టీలు గ్లాసులు. ప్లాస్టిక్ సీసాలు అసలు ఎక్కనివ్వకు. కైకలూరు బస్టాండులో ఆడవాళ్లందరినీ బాత్రూముకి పంపే కదలండి, తర్వాత ఏలూరు దాకా సరైన వసతి దొరకడం కష్టం.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కొల్లేటికోటకి బయల్దేరండి. పెద్దింట్లమ్మ దర్శనానికి, చుట్టూ నీళ్లు చూడ్డానికి గంట చాలు. ఫాల్గుణంలో జాతర జరిగేటప్పుడైతే బస్సు ఊరికి చాలా ముందే ఆగిపోతుంది. కోటనుంచి మళ్లీ ఏలూరు రోడ్డెక్కాక బస్సు ఉత్తరంగా పోతుంది. అప్పటికి ఎండ పడమటినుంచి పడుతుంది కాబట్టి కుడివైపు కిటికీల్లోంచి పక్షుల రంగులు తేటగా కనిపిస్తాయి. పొద్దున ఎడమవైపు కూర్చున్న పిల్లల్ని ఇప్పుడు కుడివైపుకి మార్చు. ఈ దారి పొడవునా అసలైన కొల్లేరే. తాటిదోనెలో ఒంటరిగా వలవేసుకునే మనిషి కనిపిస్తే చేతులూపండి గానీ, అడక్కుండా ఫొటోలు తియ్యకండి, ఆయన పనిలో ఉంటాడు.

ఆ ఏలూరు రోడ్డులోనే ఎడ్లగాడి అనే చోట రోడ్డు సంగతి మాత్రం బయల్దేరేముందు కనుక్కోవాలి. ఎగువన వానలు పడితే నీళ్లు అక్కడ రోడ్డెక్కుతాయి. ఉప్పుటేరు పూడికతో నిండిపోయి ఉంది, సముద్రం పోటుమీదుంటే నీటిని వెనక్కి నెడుతుంది. అందుకే వాన ఆగినా రోడ్డు రోజుల తరబడి మునిగే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అలాగే అయింది. డిసెంబరులో ఆ భయం తక్కువ, తుఫాను వస్తే చెప్పలేం. రోడ్డు మునిగిందంటే కొల్లేటికోట మానేసి, ఆటపాకలో ఇంకో గంట ఉండి వచ్చినదారినే తిరిగొచ్చెయ్యండి. నీళ్లు ఎంత లోతున్నాయో చూద్దామని డ్రైవరు బస్సు దించబోతే ఒప్పుకోకు.

ఏలూరులో టీ తాగి, హైవే మీద నారాయణపురం దాకా వచ్చి, అక్కడ గణపవరం వైపు తిరిగితే ఉండి మీదుగా ఇల్లు చేరతారు. బట్టల షాపులకి ఆగారంటే తొమ్మిది దాటుతుంది, ముసలివాళ్లు అల్లాడిపోతారు. ఎవరైనా చేపలు కొంటామంటే పొద్దున్నే కొననివ్వకు. బస్సంతా వాసనే కాదు, సాయంత్రానికి పాడైపోతాయి కూడా. ఏలూరులో కొని, చేపలెంత బరువో అంత ఐసు వేసి థర్మాకోలు పెట్టెలో మూత బిగించమను.

ముందురోజు కైకలూరు అటవీ రేంజి ఆఫీసుకి ఫోను చేసి, బోటు నడుస్తోందా, ఎన్నింటికి మొదలు, ఒక్కోసారి ఎంతమందిని ఎక్కిస్తారు అని అడుగు. ఆ మూడో జవాబుని బట్టి జట్లు మార్చుకో. బస్సు వాళ్ల కాగితం వచ్చాక సంతకం పెట్టకముందు నాకొకసారి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న