పెట్రోలు పైపు మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. జిప్సీ జీపు ఛాసిస్ మీద పెట్రోలు పైపు కుళ్లింది సరిగ్గా క్లిప్పుల కిందే. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికి ఉప్పు తడి తప్పదు. క్లిప్పు కింద చేరిన తడి ఆరదు. కాబట్టి పైకి బాగున్న చోట కూడా క్లిప్పు ఊడదీసి స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూడు. పొలుసు లేచిందంటే ఒక్క ముక్క మార్చి సరిపెట్టుకునే పని కాదు, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా మొత్తం మార్చు. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి తెచ్చే పక్క రిటర్న్ పైపుదీ అదే వయసు, దాన్నీ వదలకు.

ఇక నీ ప్రశ్న. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే రాగి గొట్టం తేలిగ్గా వంగుతుంది కదా, అదే వేసేస్తే పోలేదా అన్నావు. వేయవద్దు. రాగి బండి అదురుకు నానాటికీ గట్టిపడి, ఫ్లేర్ (బిగింపు కోసం గరాటులా విప్పిన గొట్టం కొస) మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. పైగా రాగి తగిలితే పెట్రోలు త్వరగా చెడి జిగురు కడుతుంది. బ్రేకులకు వాడే బండీ ట్యూబ్ (రెండు పొరలుగా చుట్టిన ఉక్కు గొట్టం) రకమే, పాత పైపు సైజులో, పూత ఉన్నది కొను. నాలుగు రూపాయలు ఎక్కువవుతాయని ఓనరుకు ముందే చెప్పు.

పాత కార్బ్యురేటర్ బండ్లలో పంపు ఇచ్చే ఒత్తిడి పావు బార్ చుట్టూ ఉండేది. ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు రుద్ది ఊరు చేరిన రోజులవి. నీ దగ్గరికి వచ్చింది ఎంపీఎఫ్‌ఐ బండి, అంటే కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం. దాని పైపులో ఒత్తిడి సుమారు 3 బార్లు, అంటే కారు టైరులో ఉండే గాలికి ఒకటిన్నర రెట్లు. ఇక్కడ లీకు చుక్కలుగా పడదు, సన్నటి తుంపరగా చిమ్ముతుంది. అది వేడి సైలెన్సర్ గొట్టం మీదో, వైరు నిప్పురవ్వ మీదో పడిందంటే నువ్వు బానెట్ ఎత్తే లోపే మంట అందుకుంటుంది. సబ్బు, ఎమ్‌సీల్, టేపు అన్న మాటలు ఈ పైపు దగ్గర ఎత్తవద్దు.

విప్పే ముందు ఒత్తిడి దించు. చల్లటి ఇంజిన్ మీద పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసి, బండి స్టార్ట్ చేసి దానంతట అదే ఆగిపోనివ్వు. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ విప్పెయ్యి. ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూయి. అప్పటికీ కొంత మిగిలే ఉంటుంది కనుక యూనియన్ (పైపులను కలిపే మర కీలు) చుట్టూ గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, నట్టు మెల్లగా వదులు చెయ్యి. పెట్రోలు ఇనప డబ్బాలోకే పట్టు. ప్లాస్టిక్ బకెట్‌లో పోస్తుంటే పుట్టే స్థిర విద్యుత్తు చాలు అంటుకోవడానికి. బండి కింద పనికి తవ్విన పిట్‌లో దిగి ఈ పని చేయవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, నేరుగా పిట్‌లోకే దిగుతుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఆ గాజు బల్బు హ్యాండ్ ల్యాంపు పారేసి మూసి ఉన్న ఎల్‌ఈడీ దీపం తెచ్చుకో. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ నీ వీపు వెనక కాదు, గుమ్మం వైపు ఉండాలి.

పైపు కోసేది ట్యూబ్ కట్టర్‌తోనే. రంపంతో కోస్తే అంచు వంకర పోతుంది, రజను లోపల పడుతుంది. కట్టర్ పిడిని ప్రతి చుట్టుకూ కొంచెమే బిగించు, ఆత్రపడితే గొట్టం నోరు నొక్కుకుపోతుంది. లోపలి అంచు గీసేటప్పుడు పైపు నోరు కిందికి వంచి పట్టుకో, రజను బయటికే రాలుతుంది. ఫ్లేర్ కొట్టే ముందు నట్టు ఎక్కించావా అని ఒకసారి చూసుకో. నవ్వకు, అది మరిచిపోని ఫిట్టరును నేను చూడలేదు. ఇలాంటి గొట్టానికి డబుల్ ఫ్లేరే, అంటే అంచు రెండు మడతలుగా ఉండాలి. ఒంటి ఫ్లేర్ అంచు పలచనై చిట్లుతుంది. కొట్టాక భూతద్దం పెట్టి చూడు. అంచు చుట్టూ ఒకే వెడల్పు ఉండాలి, నడుమ గీత కనిపిస్తే కోసేసి మళ్లీ మొదలుపెట్టు. 45 డిగ్రీల ఫ్లేర్‌ను 37 డిగ్రీల యూనియన్‌లో బిగించేవాళ్లు ఉన్నారు. బిగుసుకున్నట్టే ఉంటుంది కానీ సన్నటి అంచు మీదే ఆనుతుంది, పది రోజులకు చెమ్మ పడుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టకు. ఇక్కడ కారకుండా ఆపేది మర కాదు, కోను, అంటే ఫ్లేర్ ఆనే ఏటవాలు ముఖం. టేపు పీచు ఊడితే పోయి ఇంజెక్టర్‌లో కూర్చుంటుంది.

వంచడానికి బెండర్ వాడు. ఇసుక నింపి వంచే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఒక్క రేణువు మిగిలినా ఇంజెక్టర్ పోయినట్టే. పాత పైపును అచ్చుగా పక్కన పెట్టుకుని, అదే దారిలో, సైలెన్సర్‌కు దూరంగా తీసుకుపో. అరమీటరుకు ఒక రబ్బరు తొడుగున్న క్లిప్పు వెయ్యి.

నీకు లేత్ ఉంది కనుక యూనియన్ తిప్పాలని చెయ్యి దురదపెడుతుంది. తిప్పు, కాదనను. కానీ కడ్డీలోంచి తిప్పు, పోత పోసిన తుక్కు ముక్కలోంచి కాదు. పోతలో కంటికి కనిపించని బొక్కలుంటాయి. మర పిచ్‌ను గేజితో కొలువు, అంగుళం మరను మిల్లీమీటరు మరలోకి బలవంతాన ఎక్కించకు. కోను మీద లేత్ గీతలు గుండ్రంగా చుట్టూ ఉంటే భయం లేదు. ఎమరీ కాగితంతో అడ్డంగా ఒక్క గీత పడినా ఆ గీతే పెట్రోలుకు దారి. బ్యాంజో బోల్టు (లోపలి నుంచి పెట్రోలు పోయే బోలు బోల్టు) రాగి వాషర్లు మాత్రం తయారుచేయకు, పాతవి మళ్లీ వేయకు. కొత్తవి కొను.

ఛాసిస్‌కూ ఇంజిన్‌కూ మధ్య ముక్క రబ్బరు హోస్ కావాలి, ఇంజిన్ ఊగుతుంది కదా. ఆ హోస్ మీద ఏం రాసి ఉందో చదువు. ఎస్‌ఏఈ జె30 ఆర్7 అని ఉంటే అది తక్కువ ఒత్తిడికి, ఆర్9 అంటే ఇంజెక్షన్ బండికి. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగే ముక్కకు ఆర్10 ఉండాలి. ఆర్9 లోపలి పొర పెట్రోలుకు తట్టుకుంటుంది కానీ బయటి తొడుగు తట్టుకోదు, ఉబ్బిపోతుంది. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును అది ఇంకా త్వరగా చెడగొడుతుంది. ఓ-రింగులు (కీళ్లలో వేసే రబ్బరు చుట్టలు) వైటాన్ అనే పెట్రోలుకు తట్టుకునే రబ్బరువి అడిగి తీసుకో. హోస్ ఎక్కే పైపు కొసకు చిన్న గట్టు లేపాలి. క్లిప్పు ఆ గట్టు దాటాక పడాలి. చిల్లుల క్లిప్పులు హోస్‌ను కోస్తాయి, మడిచిన అంచున్న ఇంజెక్షన్ క్లిప్పులే కొను.

తయారైన పైపును బండికి ఎక్కించే ముందే పరీక్షించు. ఒక కొస మూసి నీళ్లు నింపి హ్యాండ్ పంపుతో 6 బార్ల దాకా ఎక్కించి కాసేపు ఉంచు. టైరు కంప్రెసర్ గాలితో ఈ పరీక్ష చేయవద్దు. నీళ్లు నొక్కుకోవు కనుక కీలు ఊడితే చిన్న చిమ్ముతో సరి, గాలి మాత్రం ఆ నట్టును నీ మొహం మీదికి విసురుతుంది. తర్వాత బాగా ఆరబెట్టు. బండికి ఎక్కించాక స్టార్ట్ చేయకుండా తాళం మూడు నాలుగు సార్లు ఆన్, ఆఫ్ చెయ్యి. పంపు ప్రతిసారీ రెండు మూడు సెకన్లు తిరిగి ఒత్తిడి ఎక్కిస్తుంది. ప్రతి కీలునూ పొడి కాగితంతో తుడిచి చూడు. ఇంజిన్ వేడెక్కాక మళ్లీ, మర్నాడు పొద్దున మళ్లీ.

ట్యాంకుకు చిల్లు పడితే నువ్వు వెల్డింగ్ పెట్టవద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ పేలుతుంది. ఎన్నిసార్లు కడిగినా అతుకుల్లో ఇంకిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. కొత్త ట్యాంకు వేయించు.

రేపు సీఎన్‌జీ ఆటోలు, కామన్ రైల్ (అతి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే) డీజిల్ బండ్లు కూడా వస్తాయి. వాటి పెద్ద ఒత్తిడి పైపులు తయారుచేయడం మన పని కాదని బోర్డు మీదే రాయించు. సీఎన్‌జీ సిలిండర్‌లో 200 బార్లు. దానికి మూడేళ్లకోసారి గుర్తింపు ఉన్న కేంద్రంలో హైడ్రో పరీక్ష జరగాలి. ఆ తేదీ దాటిన ఆటోను షెడ్డులోకి రానివ్వకు. కామన్ రైల్‌లో 1600 బార్లు, కొన్నింటిలో అంతకు మించి. ఆ ఇనప పైపును వంచడం, బ్రేజింగ్ చేయడం అన్న ఆలోచనే వద్దు, కంపెనీ నుంచి వంచి వచ్చిందే బిగించు. లీకు ఎక్కడని వేలితో తడమకు, అట్టముక్క అడ్డం పెట్టు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే డీజిల్ చర్మం తొలిచి లోపలికి పోతుంది. పైన చిన్న చుక్క తప్ప ఏమీ కనిపించదు, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. నీ కుర్రాడికి అలా జరిగితే పసుపు రాసి కూర్చోబెట్టకు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి, ఒత్తిడితో డీజిల్ చేతిలోకి దిగిందని డాక్టరుకు ఆ మాటే చెప్పు. ఆలస్యమైతే వేలు పోవచ్చు.

నా ఫ్లేరింగ్ సెట్టు ఆర్టీసీ కార్గోలో వేశాను. అందులో 8 మిల్లీమీటర్ల డై (ఫ్లేర్ కొట్టే అచ్చు) అంచు అరిగింది, దానితో కొడితే ఫ్లేర్ ఒకవైపుకు జారుతుంది. ఆ ఒక్కటి కొత్తది కొన్నాకే జిప్సీ పైపు కొయ్యి. అక్కయ్యను అడిగానని చెప్పు.

నీ మామయ్య