ఆ అక్క పేరు అగ్రిమెంట్‌లో రాయించండి

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కోవెంట్రీలో ముగ్గురమ్మాయిలూ కలిసి ఇల్లు తీసుకున్నారట, ఇప్పుడు మీ రూమ్మేట్ వాళ్లక్క కూడా చిన్న గదిలోకి వస్తుందట. అంత దూరం నుంచి వచ్చి నీ అంతట నువ్వు ఇల్లు నడుపుకుంటున్నావని విని ఎంత సంతోషపడ్డానో! కానీ ఆ అక్క చదువు అయిపోయి ఉద్యోగం చేస్తోందని వినగానే టెన్షన్ పట్టుకుంది.

మీటర్ రీడింగులు ఫోటో తీసుకోండి, డిపాజిట్ కాగితాలు దాచుకోండి. అవి నీకు తెలిసినవే. నా భయమంతా కౌన్సిల్ ట్యాక్స్ గురించి, అదే, ఇంటి మీద ఇక్కడి ఊరి కౌన్సిల్ వేసే పన్ను.

ఇప్పుడు ముగ్గురూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లు కాబట్టి ఆ ఇంటికి పన్ను లేదు. స్టూడెంట్ కాని మనిషి ఒక్కరు చేరినా ఆ మినహాయింపు పోతుంది. స్టూడెంట్లు పన్ను లెక్కలోకి రారు, వచ్చేది ఆ అక్క ఒక్కతే కాబట్టి పావు వంతు తగ్గిస్తారు. బిల్లు ఏడాదికి 2,000 పౌండ్లు అనుకో, 1,500 కట్టాలి.

ఎవరు కట్టాలి? అక్క పేరు కూడా మీతో పాటు అగ్రిమెంట్‌లో ఉంటే చట్టప్రకారం ఆమె ఒక్కతే కట్టాలి, మీ జోలికి రారు. అగ్రిమెంట్ మీ ముగ్గురి పేర్ల మీదే ఉండి, ఆమె మీకు అద్దె ఇచ్చి ఉంటుంటే మాత్రం బిల్లు మీకే వస్తుంది, స్టూడెంట్లయినా సరే. ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గరైనా మొత్తం వసూలు చేయొచ్చు.

మేం లెస్టర్‌లో ఉన్న తొలి రోజుల్లో మా వీధిలో నలుగురు గుంటూరు కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. కోర్సు అయిపోయి గోడౌన్‌లో పనిచేసే వాళ్ల సీనియర్ ఒకడు హాల్లో పరుపు వేసుకున్నాడు. కొన్నాళ్లేగా అన్నారు, ఏడాది దాటింది. బిల్లు వస్తే, మనం స్టూడెంట్లం, మనకెందుకని పక్కన పడేశారు. రిమైండర్ వచ్చినా అంతే. దానికి వారంలో కట్టకపోతే ఆ ఏడాది బాకీ అంతా ఒకేసారి అడుగుతారని ఆ పిల్లలకేం తెలుసు? చివరికి మెజిస్ట్రేట్ కోర్టు సమన్లు వచ్చాయి, ఖర్చులు అదనం. వాళ్లలో చిన్నవాడు ఆ కాగితం పట్టుకుని, వీసా పోతుందేమో ఆంటీ అంటూ మా వంటింట్లో ఏడ్చాడు. సీనియర్ అప్పటికే ఊరు మారాడు, ఫోన్ ఎత్తలేదు. మీ పెదనాన్న రాత్రంతా కూర్చుని ఉత్తరం రాసి వాయిదాలు అడిగారు. నలుగురూ పార్ట్‌టైమ్ డబ్బుతో తీర్చారు గానీ, వాణ్ని తెచ్చింది నువ్వంటే నువ్వని మాటలు పెరిగి విడిపోయారు. ఒకే కంచంలో తిన్న పిల్లలమ్మా వాళ్లు.

నువ్వేమో మొహమాటస్తురాలివి. చిన్నప్పుడు ఎవరైనా పెన్సిల్ అడిగితే డబ్బా మొత్తం ఇచ్చేసి వచ్చేదానివి. ఆ మనసంటే నాకు ప్రాణం, కానీ ఇక్కడ పనికిరాదు. అక్కను డబ్బు ఎలా అడుగుతామని ఊరుకోకు. ఆమె చేరకముందే ఓనర్‌తో మాట్లాడి పేరు రాయించండి. చేరిన 21 రోజుల్లోపు కౌన్సిల్‌కు చెప్పండి. దాచిపెడితే పాత తేదీ నుంచి బిల్లు వేస్తారు, 70 పౌండ్ల జరిమానా కూడా పడొచ్చు. యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ సర్టిఫికెట్లు మీ ముగ్గురివీ పంపండి.

వీసా సంగతి కూడా చెబుతాను, మన పిల్లలు ఇక్కడే కంగారుపడతారు. స్టూడెంట్ మినహాయింపు, ఆ పావు వంతు తగ్గింపు ప్రభుత్వ సాయం కిందికి రావు, ధైర్యంగా తీసుకోండి. కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ అని తక్కువ ఆదాయం వాళ్లకు ఇంకోటి ఉంది. అది సాయం కిందే లెక్క. మీరు గానీ, గ్రాడ్యుయేట్ వీసా మీదున్న ఆ అక్క గానీ దానికి అప్లై చేయకూడదు. ఎవరు చెప్పినా వినొద్దు.

సెప్టెంబర్‌లో నీ కోర్సు అయిపోతుంది కదా. యూనివర్సిటీ లెటర్‌లో ఉన్న ఆఖరి తేదీ దాటితే నువ్వూ లెక్కలోకి వస్తావు. ఇద్దరైతే పావు వంతు తగ్గింపు ఉండదు, బిల్లు మీ ఇద్దరిదీ అవుతుంది. ఆ డబ్బు ఇప్పటి నుంచే కొంచెం పక్కన పెట్టు.

సంతకం పెట్టే ముందు అగ్రిమెంట్ ఫోటోలు పెదనాన్నకు వాట్సాప్ చెయ్యి. శనివారం మేం వస్తున్నాం, ఆ అక్కను కూడా ఇంట్లో ఉండమను. నీకు అడగడానికి నోరు రాకపోతే నేనే అడుగుతాను.

మీ పెద్దమ్మ