రంగులన్నీ గిన్నెలోనే పోకుండా

అమ్మాయీ,

ఊదా కాలీఫ్లవర్, ఎర్ర లెట్యూస్, పసుపు బీట్‌రూట్, మూడు రంగుల క్యారెట్ విత్తనాలు తెప్పించావన్నావు. మంచి పని చేశావు. ప్యాకెట్ మీద బొమ్మ చూసి మనసు పారేసుకోని వాళ్లెవరులే! కాకపోతే అన్నీ ఒకేరోజు చల్లెయ్యకు. చలికాలం పంటలకు ఎండ కావాలి, వేడి మాత్రం పడదు. నేల 27 డిగ్రీలు దాటి వెచ్చగా ఉందంటే లెట్యూస్ గింజలు చాలావరకు మొలవవు. క్యారెట్‌కి 16 నుంచి 21 డిగ్రీల మధ్య రంగు బాగా పడుతుంది, అంతకన్నా వేడెక్కితే పాలిపోతుంది. ఎర్ర లెట్యూస్‌ని నీడలో పెంచితే ఆకుపచ్చగానే ఉండిపోతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉన్నప్పుడే దానికి ఆ ఎరుపు ఎక్కుతుంది.

ఓపిక అంతా క్యారెట్ మీద పెట్టు. మడిలో జానెడు లోతు వరకు రాళ్లు ఏరి మట్టి గుల్ల చెయ్యి. పచ్చి పేడ వేస్తే వేరు రెండు మూడు పాయలుగా చీలిపోతుంది, బాగా మాగిన ఎరువే వెయ్యాలి. నారు పోసి నాటే పంట కాదిది, ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. మొలక రావడానికి రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. ఈలోపు పైమట్టి ఎండి పెచ్చు కట్టిందంటే ఆ సన్నటి మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అందుకే గింజలు వేశాక తడిపిన గోనెపట్టా కప్పు. రోజూ ఓ మూల ఎత్తి చూస్తూ ఉండు. తెల్లటి దారప్పోగుల్లాంటివి కనబడిన రోజే పట్టా తీసెయ్యి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు గోనెలో చిక్కుకుంటాయి. తర్వాత దుంప పైభాగం మట్టి బయటికి తేలితే పచ్చబడి చేదెక్కుతుంది, మట్టి ఎగదొయ్యడం మర్చిపోకు.

మొలకలు పలచన చెయ్యడానికి నీకు చేతులు రావని నాకు తెలుసు. అయినా తప్పదు. బీట్‌రూట్‌లో మరీనూ. నువ్వు ఒక్క గింజ అనుకునేది నిజానికి కొన్ని గింజల గుత్తి, ఒక్కచోటే మూడు నాలుగు లేస్తాయి. బలంగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో మట్టి దగ్గరికి కత్తిరించు. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. ఆ లేత ఆకులు సలాడ్‌లోకి బాగుంటాయి. పసుపు బీట్‌రూట్ మొలక కొంచెం తక్కువ కాబట్టి దాన్ని మాత్రం కాస్త ఒత్తుగా వెయ్యి. చేతికీ గిన్నెకీ అంటని రంగు కాబట్టి నాకు ఎర్రదానికన్నా అదే ఇష్టం.

తెల్ల కాలీఫ్లవర్ పువ్వుకి ఎండ తగిలితే పసుపు తిరుగుతుందని ఆకులు దగ్గరికి లాగి కడతాం. ఊదా రకానికి అలా కట్టకు, వెలుగు తగిలితేనే దానికి రంగు బాగా వస్తుంది. ఆకుల అడుగున పురుగు గుడ్లున్నాయేమో వారానికి రెండుసార్లు తిరగేసి చూసుకో.

ఇంత కష్టపడి పండించిన రంగు వంటింట్లో పది నిమిషాల్లో పోతుంది, అసలు జాగ్రత్త అక్కడే కావాలి. బీట్‌రూట్ ఎరుపు నీళ్లలో కరిగిపోయే రంగు. చెక్కు తియ్యకుండా, కాడ రెండంగుళాలు వదిలి, కింది వేరు కూడా కొయ్యకుండా మొత్తంగా ఉడికించు. చల్లారాక బొటనవేలితో నెడితే తొక్క జారిపోతుంది. ఎర్ర క్యాబేజీ రంగు కూడా నీళ్లలో దిగేదే, పైగా పులుపు లేకపోతే నీలంగా మారుతుంది. వంటసోడా పడిందంటే ఇంక చూడక్కర్లేదు. పొయ్యి మీద పెట్టగానే కాస్త నిమ్మరసమో వెనిగరో వేస్తే ఎరుపు నిలుస్తుంది. నీలం తిరిగాక వేసినా చాలావరకు వెనక్కి వస్తుంది.

ఆకుపచ్చ వాటి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పులుపుతో ఉడికినా, మూత పెట్టి ఎక్కువసేపు ఉంచినా పాచిరంగు వస్తుంది. బఠాణీ, పాలకూర మరిగే నీళ్లలో మూత లేకుండా రెండు మూడు నిమిషాలు ఉంచి తీసెయ్యి. నిమ్మకాయ వడ్డించేటప్పుడే పిండు. ఎర్ర క్యాబేజీనీ బఠాణీనీ ఒకే గిన్నెలో వేశావంటే ఒకదాన్ని కాపాడే పులుపు రెండోదాన్ని చెడగొడుతుంది. విడివిడిగా వండి పళ్లెంలో పక్కపక్కన పెట్టుకో.

ఊదా కాలీఫ్లవర్‌ని నీళ్లలో ఉడకబెట్టకు, బూడిదరంగు ముద్ద మిగులుతుంది. ఆవిరి మీద కొద్దిసేపు పెట్టి నిమ్మరసం చల్లు, లేదంటే పచ్చిగానే తిను. ఊదా క్యారెట్లలో కొన్నిటికి రంగంతా పైపొరలోనే ఉంటుంది, చెక్కు తీస్తే లోపల మామూలు నారింజ రంగే. కడిగి వండుకుంటే చాలు. నారింజ క్యారెట్‌తో మాత్రం ఏ టెన్షనూ లేదు. ఆ రంగు నీళ్లలో దిగదు, కాస్త నూనెలో మగ్గిస్తే ఒంటికి కూడా బాగా పడుతుంది.

బఠాణీ కోసిన గంట నుంచే తీపి తగ్గుతూ పోతుంది. నీళ్లు పొయ్యి మీద పెట్టి కొయ్యడానికి వెళ్లు.

ముందు ముల్లంగి నాలుగు గింజలు వెయ్యి. చిన్న రకాలు 25, 30 రోజుల్లో చేతికొస్తాయి. పది రోజులకోసారి కొన్ని చల్లుతూ ఉండు, ఒకేసారి వేస్తే సగం తినేలోపే మిగతావి బెండుపడతాయి. లెట్యూస్ మొలిచాక ఉత్తరం రాయి, ఆ మొక్కలు తీసి వేరేచోట నాటే సంగతి అప్పుడు చెబుతాను.

మీ పెద్దమ్మ