టెక్ సందేహాలు: కరెంటు వచ్చినా వీపీఎన్ ఎందుకు లేవదు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఫోన్లన్నిటికీ, టీవీకీ కలిపి ఒకేచోట సరిపోతుందని ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (నెట్‌ను రహస్యంగా వేరే సర్వర్ మీదుగా పంపే దారి) పెట్టాను. ఫైబర్ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) వెనకాల ఈ రూటర్ ఉంది. మామూలుగా బాగానే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం నెట్ రాదు. వీపీఎన్ ఆపి, రెండు నిమిషాలాగి ఆన్ చేస్తే వస్తుంది. పైగా కొన్ని బ్యాంకు సైట్లు సగం తెరుచుకుని అలాగే తిరుగుతుంటాయి.

జవాబు: ఆపి ఆన్ చేస్తే వస్తోందన్నారు కదా, కిటుకు అక్కడే ఉంది. చాలా ఇంటి రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైమ్ వెనక్కి వెళ్లిపోతుంది. వైర్‌గార్డ్ కనెక్షన్ అడిగే ప్రతిసారీ అందులో టైమ్ కూడా పంపుతుంది. అది కిందటిసారి కంటే వెనకబడి ఉంటే, ఎవరో పాత ప్యాకెట్‌ను మళ్లీ పంపుతున్నారనుకుని సర్వర్ జవాబివ్వదు. టైమ్ సరిచేసుకోవాలంటే రూటర్‌కి నెట్ కావాలి. మీరేమో నెట్ మొత్తాన్నీ వీపీఎన్‌లోంచే పంపుతున్నారు. టైమ్ లేక వీపీఎన్ రాదు, వీపీఎన్ లేక టైమ్ రాదు. మీరు ఆపిన ఆ రెండు నిమిషాల్లో గడియారం సర్దుకుంటోంది, అంతే.

కాబట్టి టైమ్ సర్వర్‌కి మాత్రం వీపీఎన్ బయటనుంచి దారి ఇవ్వండి. సిస్టమ్ మెనూలో టైమ్ సింక్రనైజేషన్ దగ్గర సర్వర్ పేరు తీసేసి 216.239.35.4 అని నంబరే వేయండి. ఇది గూగుల్ టైమ్ సర్వర్. పేరు ఉంచితే దాన్ని వెతకడానికి డీఎన్‌ఎస్ (పేరుకి నంబరు చెప్పే సేవ) కావాలి, అదీ వీపీఎన్‌లోనే ఇరుక్కుంటుంది. తర్వాత నెట్‌వర్క్ మెనూలో రూటింగ్‌కి వెళ్లి స్టాటిక్ రూట్ (మార్పులేని దారి) కలపండి: ఇంటర్‌ఫేస్ వ్యాన్ (బయటి నెట్ వైపు), టార్గెట్ 216.239.35.4/32, గేట్‌వే మీ ఓఎన్‌టీ అడ్రసు. సేవ్ చేశాక అడాప్టర్ పీకి మళ్లీ పెట్టి చూడండి. స్టేటస్ పేజీలో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (సర్వర్‌తో చివరిసారి చేయి కలిపిన సమయం) దగ్గర సెకన్లు కనిపిస్తే పని అయినట్టే. వీపీఎన్ సర్వర్ ఐపీ మారనిదైతే ఎండ్‌పాయింట్‌లోనూ (ఆ సర్వర్ అడ్రసు వేసే గడి) పేరు బదులు నంబరే వేసుకోండి. ఓఎన్‌టీ రూటర్ కంటే ఆలస్యంగా లేస్తే అది పనికొస్తుంది.

బ్యాంకు సైట్ల సంగతి ఎమ్‌టీయూది, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది వెళ్లొచ్చన్న హద్దుది. ఓఎన్‌టీ పీపీపీఓఈతో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైన్ కలిపే పద్ధతి) కలిస్తే ఆ హద్దు 1500 బైట్లు కాదు, 1492. రూటర్‌కి ఆ విషయం తెలియదు. వైర్‌గార్డ్ తన కోసం 80 బైట్ల దాకా తీసుకుంటుంది. అందుకే వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎమ్‌టీయూ 1412 పెట్టండి. ఫైర్‌వాల్‌లో వీపీఎన్ జోన్‌కి ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లను ఆ హద్దులోనే ఉంచే సెట్టింగ్) టిక్ చేయండి. అప్పటికీ ఆగుతుంటే 1380, చివరికి 1280. అంతకంటే తగ్గించొద్దు, ఐపీవీ6 (కొత్త తరహా నెట్ అడ్రసుల పద్ధతి, పాతది ఐపీవీ4) నడవదు.

ఐపీవీ6 అన్నాను కాబట్టి ఇదీ చూసుకోండి. మీ వీపీఎన్ ఐపీవీ4 మాత్రమే ఇస్తూ, ఫైబర్ లైన్‌లో ఐపీవీ6 వస్తుంటే, కొంత ట్రాఫిక్ వీపీఎన్ బయటే పోతుంటుంది. రూటర్ ల్యాన్ (ఇంటి లోపలి) వైపు ఐపీవీ6 ఆపేయండి.

కొబ్బరిమట్ట తీగల మీద పడి పది నిమిషాలు పోయే కరెంటుకి 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనుక్కోవడం మంచిపని. రెండు అడాప్టర్ల మీదున్న ఆంపియర్లు కూడి, అంతకు తక్కువ కానిది తీసుకోండి. రూటర్‌కి ఒక్కదానికే పెడితే లాభం లేదు, ఓఎన్‌టీకీ ఉండాలి.

ప్రశ్న: ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు గట్టు షెడ్డులో సిమ్ రూటర్, రెండు కెమెరాలు ఉన్నాయి. భీమవరంలో ఇంటి నుంచి చూద్దామని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటనుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి కెమెరాకి పంపే సెట్టింగ్) చేశాను, తెరుచుకోవడం లేదు.

జవాబు: సిమ్ రూటర్‌లో వ్యాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, లేదా 10తో మొదలైతే, అది కంపెనీ లోపలి అడ్రసు, బయటనుంచి ఆ తలుపు తట్టడం కుదరదు. షెడ్డు రూటరే ఇంటికి ఫోన్ చేసేలా తిప్పండి. ఇంటి ఫైబర్‌కి స్టాటిక్ ఐపీ తీసుకుని, అక్కడ వైర్‌గార్డ్ సర్వర్ పెట్టి, యూడీపీ 51820 తెరవండి. షెడ్డు రూటర్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచేలా మధ్యమధ్యలో చిన్న ప్యాకెట్ పంపడం) 25 సెకన్లు వేయకపోతే కాసేపటికి ఇంటి నుంచి షెడ్డుకి దారి మూసుకుపోతుంది. రెండుచోట్లా 192.168.1 వరసే ఉంటే కెమెరా ఎటువైపుందో రూటర్‌కి తెలియదు. షెడ్డుది 192.168.20కి మార్చి, ఇంటి రూటర్‌లో ఆ పీర్ (షెడ్డు రూటర్) అలవ్‌డ్ ఐపీస్‌లో (అటు పంపాల్సిన అడ్రసుల జాబితా) 192.168.20.0/24 కలపండి.