ఒక్కసారి నాటితే ఏళ్లపాటు పూసేవి

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కొత్త ఇంటి ముందు జాగలో బంతి, జీనియా నారు పెడతానంటున్నావు. పొద్దున ఏడింటికే బడికి పోయే నీకు మూడు నెలలకోసారి పాతవి పీకి కొత్తవి నాటే తీరిక ఎక్కడిది? ఏళ్ల తరబడి నిలిచే మొక్కలే పెట్టుకో. డేలిలీ అనే పూలమొక్క గురించి కూడా అడిగావు కదా, నాకు తెలిసిందంతా రాస్తున్నాను.

ముందు మట్టి సంగతి. ఇల్లు కట్టిన చోట పైకి కనిపించే ఎర్రమట్టిని నమ్మకు. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర అన్నీ దాని కిందే ఉంటాయి. అడుగున్నర లోతు తవ్వించి ఏరి పారేయించు. మీ పాలమూరు చెలక మట్టిలో తడి ఆగదు. అందుకే మూడు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలుపు. పచ్చి పెంట మాత్రం వేయకు, వేర్లు మాడిపోతాయి, చెదలు పడతాయి. ఖర్చయినా, నడుము నొప్పి పుట్టినా ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యి. నా లెక్కలో తోట పనిలో సగం ఇదే.

డేలిలీ కొనేటప్పుడు నర్సరీలో పేరు సరిగ్గా చెప్పు. మన పూల మార్కెట్లో లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లటి పూలే ఇస్తారు. ఇది వేరు. అసలు లిల్లీల్లాగా దీనికి గడ్డ ఉండదు, లావాటి వేర్లు గుత్తిగా ఉంటాయి. చైనా, జపాన్ వైపు నుంచి వచ్చిన మొక్క. శాస్త్రీయ నామం హెమెరోకాలిస్, గ్రీకులో ఒకనాటి అందం అని అర్థం. పొద్దున విచ్చుకున్న పువ్వు రాత్రికి వాడిపోతుంది. ఒక్కరోజేనా అని మనసు చిన్నబుచ్చుకోకు. ఒక్కో కాడకు చాలా మొగ్గలుంటాయి, రోజుకొకటి రెండు విచ్చుకుంటూ వారాల తరబడి పూస్తుంది. చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలు మన వేడికి పనికిరావు. ఏడాదంతా పచ్చగా ఉండే రకమే అడుగు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం డేలిలీ వద్దే వద్దు. ఆకు కొరికినా దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నేను మొదటిసారి రోహిణి కార్తెలో నాటాను. ఎండకు భయపడి మూడంగుళాల లోతున పెట్టి, పూటపూటా నీళ్లు పోశాను. నెల తిరగకముందే మొదళ్లు కుళ్లి వాసన వచ్చాయి. ఆరింటిలో ఒక్కటీ దక్కలేదు. ఆ బాధ నీకు వద్దు. వానలు తగ్గాక, దసరా దాటిన తర్వాత నాటు. చలికాలమంతా వేరు పట్టి ఎండాకాలానికి పూతకు సిద్ధమవుతుంది. ఆకులు మొదలయ్యే చోటు మట్టికి అంగుళం కంటే కిందికి పోవద్దు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఉంచు. తూర్పు వైపు జాగ మేలు, పొద్దటి ఎండ ఆరు గంటలు తగిలి, పడమటి ఎండ గోడకు ఆగాలి.

మొదటి రెండు నెలలు మట్టి ఆరనివ్వకు. తర్వాత వారానికి రెండుసార్లు నిండుగా పోస్తే చాలు. మే నెలలో మాత్రం రోజు విడిచి రోజు. మొక్క చుట్టూ పల్లీ పొట్టు రెండంగుళాల మందాన పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మొదలుకు తాకకుండా కొంచెం ఎడం ఉంచు. పేనుబంక కనిపిస్తే వేపనూనె కొట్టు.

నీళ్ల గురించి ఒక మాట. మా నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు తెలుసు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొనలు గోధుమరంగుకు మాడుతుంటే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను. పోసిన కొద్దీ ఎక్కువయింది, ఎందుకంటే ఆ నీళ్లే వాటికి పడవు. మీ బోరు నీళ్లు కూడా అలాంటివే అయితే ఆ రెండూ పెట్టకు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేయకు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఫిల్టర్ మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లలో ఉప్పంతా చేరుతుంది కాబట్టి అవి ఏ మొక్కకూ పోయొద్దు.

మిగతా జాగలో మెట్టతామర, కనకాంబరం, నందివర్ధనం వేసుకో. దారి అంచున రెయిన్ లిల్లీ గడ్డలు పెడితే మిరుగం వానకు వాటంతటవే లేచి పూస్తాయి. ఆ పొద్దు బడికి ఆలస్యమైనా సరే, ఒక్క నిమిషం ఆగి చూడు. ఒక మూలన తంగేడు కూడా ఉండాలని నా కోరిక. గుట్టల మీది నుంచి పీకి తెస్తే తల్లివేరు తెగి బతకదు. గింజలను వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి అక్కడే విత్తు. వేరు దిగాక దానికి నీళ్ల టెన్షనే ఉండదు, బతుకమ్మకు పూలు ఇంట్లోనే.

మూడు నాలుగేళ్లకు డేలిలీ కుదురు ఒత్తుగా అయి పూత తగ్గుతుంది. అప్పుడు తవ్వి, మట్టి దులిపి, రెండు మూడు పిలకల చొప్పున చేత్తో విడదీసి, ఆకులను జానెడు లోపు కత్తిరించి మళ్లీ నాటాలి. నా దగ్గర పసుపు రంగుది విడదీసే వయసుకు వచ్చింది. దీపావళికి రా, తవ్వి ఉంచుతాను. గోనెసంచి తడిపి చుట్టిస్తే మూడు నాలుగు రోజులు ఏమీ కాదు, కాబట్టి ఈలోగా నువ్వు గుంతలు తీయించి పెట్టు.

మీ పెద్దమ్మ