ఐపీ అడ్రస్ ఉండగా మళ్లీ మ్యాక్ అడ్రస్ దేనికి? లోకల్ నెట్‌వర్క్‌లో డేటా ఎలా వెళ్తుంది?

మీరు మూడు విషయాలు అడిగారు. ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు పంపుకుంటే నెట్ డేటా అయిపోతుందా? ఐపీ అడ్రస్ ఒకటి ఉండగా మ్యాక్ అడ్రస్ ఎందుకు? కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే డబ్బాలో అసలు ఏం జరుగుతుంది?

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: అవ్వదు. కావాలంటే కాపీ నడుస్తుండగా రూటర్‌కి వచ్చే ఫైబర్ తీగ పీకి చూడండి. యూట్యూబ్ ఆగిపోతుంది, కాపీ ఆగదు. మిగతా రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవి. డిప్లొమాలో వీటిని చదివి, పరీక్ష రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను గానీ, అర్థమైంది మాత్రం ఒక కాలేజీ ల్యాబ్ మొత్తం ఆగిపోయిన రోజునే.

2009లో గుంటూరులో ఒక హార్డ్‌వేర్ షాపులో పనికి చేరిన కొత్తల్లో సంగతి. ఒక డిగ్రీ కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ల్యాబ్‌లో 40 సిస్టమ్‌లు, ఇంకో గంటన్నరలో ప్రాక్టికల్ పరీక్ష, ఒక్కటీ సర్వర్‌కి కనెక్ట్ అవ్వట్లేదు. షాపులో సీనియర్ అన్నతో కలిసి వెళ్లాను. వెళ్లగానే నేను ఒక సిస్టమ్ ముందు కూర్చుని పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతుందో లేదో చూసే చిన్న పలకరింపు) కొట్టడం మొదలెట్టాను. పది పంపితే ఒకటో రెండో తిరిగొస్తున్నాయి. అన్న కీబోర్డు ముట్టుకోలేదు. మూలనున్న ర్యాక్ దగ్గర నిలబడి స్విచ్ వైపే చూస్తున్నాడు.

"ఇటు రారా, ఈ లైట్లు చూడు" అన్నాడు.

24 పోర్టుల (కేబుల్ గుచ్చే రంధ్రాల) స్విచ్‌లు రెండు. వాటి పచ్చ లైట్లన్నీ ఒకే ఊపులో, కన్ను ఆనకుండా కొట్టుకుంటున్నాయి. మామూలుగా అయితే ఒకటి ఇప్పుడు, ఇంకొకటి కాసేపటికి మినుకుమంటాయి. "పిల్లలింకా లోపలికే రాలేదు. ఎవరూ ఏమీ పంపకుండా ఇంత ట్రాఫిక్ ఎక్కడ్నుంచి వస్తుందిరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అన్న ఒక్కో కేబుల్ పీకి, లైట్లు చూసి, మళ్లీ పెడుతూ పోయాడు. తొమ్మిదో పదో కేబుల్ పీకగానే లైట్లన్నీ ఒక్కసారిగా నెమ్మదించాయి. ఆ కేబుల్‌ని చేత్తో తడుముకుంటూ వెళ్తే అది బల్ల కిందికి దిగి, చుట్టు తిరిగి, అదే స్విచ్‌లో ఇంకో పోర్టులోకి వచ్చి ఉంది. ముందురోజు గది ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కొసను ఎవరో మంచికే అనుకుని ఖాళీ పోర్టులో గుచ్చారట.

రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్న ఒక్క కేబుల్ 40 సిస్టమ్‌లను ఎలా ఆపగలిగింది? దీనికి జవాబు తెలిస్తే మీ మిగతా రెండు ప్రశ్నలూ తీరిపోతాయి.

ఒక క్లాసు రూమ్ ఊహించుకోండి. ప్రతి విద్యార్థికీ రోల్ నంబరు ఉంటుంది. అందులో ముందు భాగం ఏ సెక్షనో చెబుతుంది, చివరి భాగం అందులో ఎవరో చెబుతుంది. సెక్షన్ మారితే నంబరూ మారుతుంది. ఐపీ అడ్రస్ అలాంటిదే. 192.168.1.17 అంటే, మామూలు ఇంటి సెట్టింగ్‌లో, 192.168.1 అనేది సెక్షను, 17 అనేది అందులో మనిషి. ఎంతవరకు సెక్షనో, ఎక్కణ్నుంచి మనిషో గీత గీసి చెప్పేదే 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్.

మ్యాక్ అడ్రస్ అంటే మొహం. 48 బిట్లు, రాస్తే అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిపి 12. నెట్‌వర్క్ కార్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే దానిలో ఉంటుంది, మొదటి సగం తయారీదారుకు కేటాయించినది. (ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మొహం పెట్టుకుంటున్నాయి, ఎవరూ వెంటబడి గుర్తుపట్టకుండా. మీ రూటర్‌లో ఒకే ఫోను వేర్వేరు మ్యాక్‌లతో కనిపిస్తే కంగారు పడకండి.)

ఇప్పుడు మీ కంప్యూటర్ 17కి ఫైలు పంపాలి. నంబరు తెలుసు, మొహం తెలియదు. అప్పుడు అది గదిలో అందరికీ వినబడేలా "17 ఎవరు?" అని కేకేస్తుంది. అందరూ వింటారు, 17 ఒక్కరే "నేనే" అంటారు, అదీ అడిగినవాళ్లకు మాత్రమే వినబడేలా. ఆ జవాబులో మ్యాక్ అడ్రస్ ఉంటుంది. మీ కంప్యూటర్ దాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఈ పద్ధతి పేరు ఏఆర్‌పీ. 1982లో డేవిడ్ ప్లమర్ రాసిన ప్రమాణం, ఈ రోజుకీ మీ ఇంట్లో గంటకు ఎన్నిసార్లు నడుస్తుందో లెక్కపెట్టలేం.

"మరి నేరుగా మొహంతోనే అన్నీ నడపొచ్చుగా, నంబరు దేనికి?" అని మీకు అనిపించొచ్చు. నేనూ అన్నని అదే అడిగాను. ఆయన చెప్పింది ఇది: మొహం చూసి గుర్తుపట్టడం గది లోపలే కుదురుతుంది. గుంటూరులో కూర్చుని సింగపూర్‌లో ఉన్న సర్వర్ మొహం ఏ స్విచ్‌కీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మీరు బయటి సైటు తెరిచినప్పుడు మీ కంప్యూటర్ సబ్‌నెట్ మాస్క్‌తో పోల్చి చూసి, "ఇది మన సెక్షన్ కాదు" అని తేల్చుకుంటుంది. అప్పుడు ప్యాకెట్ (పంపే డేటా ముక్క) లోపల గమ్యం ఐపీ సింగపూర్‌దే రాస్తుంది, పైన కవరు మీద మ్యాక్ మాత్రం మీ రూటర్‌ది రాస్తుంది. రూటర్ ఆ కవరు చించేసి, తన తర్వాతి రూటర్ వైపు కొత్త కవరు వేస్తుంది. అలా మజిలీ మజిలీకీ కవరు మారుతూ పోతుంది, లోపలి గమ్యం చివరిదాకా అదే. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే సగం నెట్‌వర్కింగ్ వచ్చేసినట్టేనని నా నమ్మకం. నేర్పేవాళ్లు నెట్‌వర్క్ పనిని విడదీసి చెప్పే ఏడు పొరల పేర్లూ బట్టీ పట్టిస్తారు గానీ, దీని దగ్గర ఆగి చెప్పరు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక స్విచ్. దానికి ఐపీతో పనిలేదు, కవరు మీది మ్యాక్ మాత్రమే చూస్తుంది. ఏ పోర్టు నుంచి కవరు వచ్చిందో చూసి, పంపినవారి మ్యాక్‌ని ఆ పోర్టు పక్కన రాసుకుంటుంది. గ్రహీత ఏ పోర్టులో ఉన్నాడో పట్టికలో ఉంటే అక్కడికే పంపుతుంది. లేకపోతే, లేదా అది అందరికీ వేసిన కేక అయితే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది.

కాలేజీ ల్యాబ్‌లో జరిగింది ఇక్కడే. ఎవరో ఒక సిస్టమ్ "17 ఎవరు?" అని కేకేసింది. స్విచ్ దాన్ని అన్ని పోర్టులకూ పంపింది, అందులో ఆ తిరుగుడు కేబుల్ కూడా ఉంది. అది ఇంకో పోర్టు నుంచి మళ్లీ లోపలికొచ్చింది. స్విచ్ దాన్ని కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపింది. ఐపీ ప్యాకెట్‌కి ఆయుష్షు ఉంటుంది, ప్రతి రూటర్ దగ్గర ఒకటి తగ్గి సున్నాకి వస్తే పారేస్తారు. ఈథర్‌నెట్ కవరుకి అలాంటి ఆయుష్షు లేదు. తిరుగుతూనే ఉంటుంది, కొత్త కేకలు వచ్చి చేరుతూనే ఉంటాయి. పైగా ప్రతి ఒక్కరి మొహమూ తిరుగుడు పోర్టులోనే కనబడి స్విచ్ పట్టిక కూడా తారుమారవుతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ (కేకల తుఫాను) అంటారు. 1985లో డెక్ అనే కంప్యూటర్ల కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ దీనికి మందు కనిపెట్టారు: స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, చుట్టు తిరిగే దారిని మూసేసే స్పానింగ్ ట్రీ. చవక స్విచ్‌లలో ఎక్కువగా అది ఉండదు. ఆ ల్యాబ్‌లో ఉన్నవీ అలాంటివే.

ఈ కేకల పద్ధతి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 1973 మేలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచన రాసిపెట్టినప్పుడు స్విచ్‌లు లేవు. ఒకే లావుపాటి కేబుల్, అందరూ దానికే తగిలించుకునేవారు. సెకనుకు 2.94 మెగాబిట్లు. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడాల్సిందే, అందుకే ఎవరికో పేరు రాసి పంపాల్సి వచ్చింది. కేబుల్ పోయి స్విచ్ వచ్చినా ఆ పేరు రాసే అలవాటు మిగిలిపోయింది.

మీ ప్రశ్నలో "గిగాబిట్ రూటర్ కొన్నా కాపీ నెమ్మదిగానే ఉంది" అని కూడా రాశారు. దీనికి తెనాలిలో ఒక వీడియో స్టూడియోలో చూసిన సంగతి చెబుతాను. పెళ్లి ఫుటేజీ 60 జీబీ, ఎడిటింగ్ సిస్టమ్‌కి కాపీ అవ్వడానికి గంటన్నర పట్టేది. కాపీ బాక్సులో వేగం సెకనుకు 11 ఎంబీ దగ్గరే అతుక్కుపోయి ఉంది. ఆ అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 మెగాబిట్ల లింకులో గరిష్ఠం 12.5 ఎంబీ, ఖర్చులు పోను 11 చిల్లర. అంటే గిగాబిట్ (1,000 మెగాబిట్ల) కార్డు 100కి దిగిపోయి కూర్చుంది.

కేబుల్ కొస కోసి వెలుతురులో పెట్టి చూశాను. లోపల ఎనిమిది తీగలు. బ్రౌన్ తీగ క్లిప్పు చివరిదాకా చేరలేదు, రెండు మిల్లీమీటర్ల వెనకే ఆగిపోయింది. 100 మెగాబిట్లకు ఆరెంజ్ జత, గ్రీన్ జత చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక జత తెగితే చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి, ఎర్రర్ ఏదీ చూపించవు. కొత్త క్లిప్పు వేసి, వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్ వరసలో తీగలు చివరిదాకా తోసి క్రింప్ చేశాను (నొక్కి బిగించాను). 110 ఎంబీ దాకా వెళ్లింది. గంటన్నర పని పది నిమిషాల లోపు అయిపోయింది. స్టూడియో ఆయన "బాబూ, రెండేళ్లుగా రాత్రి కాపీ పెట్టి పడుకుంటున్నాను" అన్నారు.

ఆ 60 జీబీ ఒకే ముద్దగా వెళ్లదు. ఒక్కో కవరులో 1,500 బైట్ల వరకే పడతాయి కాబట్టి నాలుగు కోట్లకు పైగా కవర్లు. ప్రతి కవరు చివరా నాలుగు బైట్ల సరిచూపు లెక్క ఉంటుంది. దారిలో ఒక్క బిట్టు చెడినా అందుకున్న కార్డు దాన్ని నోరెత్తకుండా పారేస్తుంది. మళ్లీ పంపించే బాధ్యత పైనున్న టీసీపీది, అంటే ముక్కలన్నీ చేరాయో లేదో రెండు వైపులా చూసుకునే పద్ధతిది.

మీ రెండు ల్యాప్‌టాప్‌లూ వైఫైలో ఉంటే కారణం వేరు. ఒక గాలిలో ఒకసారి ఒకరే మాట్లాడగలరు, మెట్‌కాఫ్ నాటి కేబుల్ లాగే. ఫైలు ముందు రూటర్‌కి, అక్కణ్నుంచి రెండోదానికి, అంటే అదే గాలిలో రెండుసార్లు వెళ్తుంది. వేగం సగానికి సగం పడిపోతుంది. కనీసం ఒకదానికి కేబుల్ పెట్టండి.

ఈ రాత్రే ఒక పని చేయండి. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిచి స్పీడ్ దగ్గర 1 గిగాబిట్ ఉందో, 100 మెగాబిట్లు ఉందో చూడండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో arp అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దాని పక్కనే a అనే ఇంగ్లిషు అక్షరం కొట్టండి. ఎడమ వైపు నంబర్లు, కుడి వైపు మొహాలు కనిపిస్తాయి. రెండో కంప్యూటర్‌కి ఒకసారి పింగ్ చేసి మళ్లీ అదే కొట్టండి, ఇందాక లేని వరస ఒకటి కొత్తగా వచ్చి చేరుతుంది. మీ ఐపీ 169.254తో మొదలైతే మాత్రం ఇవేవీ చూడక్కర్లేదు, నంబర్లు పంచే రూటర్ దాకా మీ కేక చేరలేదని అర్థం. ముందు కేబుల్ చూసుకోండి. ఏం కనబడిందో ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.