ముందు కాగితం మీద రాయి, తర్వాత రన్ చెయ్యి: జావా మొదలుపెడుతున్న మేనకోడలికి

చిట్టితల్లికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ రాత్రి చూశాను. "డిగ్రీలో కంప్యూటర్స్ లేవు, ఇంగ్లీషు అంతంతమాత్రం. సున్నా నుంచి మొదలుపెడితే నాకు జావా వస్తుందా అత్తయ్యా? ఏ కోర్సులో చేరమంటావు?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. వస్తుంది. జావా అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఒక భాష, అంతే. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు నాన్న కొట్లోంచే ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం తీసుకో.

పుస్తకం ఎందుకో చెప్తాను. 2003లో నేను అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాను. మైత్రీవనం దగ్గర హాస్టల్, గదికి నలుగురం, పొద్దున 7 గంటల బ్యాచ్. సారు బోర్డు మీద రాసింది రాసుకోవడం, మిస్సయింది జిరాక్స్ షాపులో కొనుక్కోవడం. మూడు నెలల్లో కట్టలు కట్టలు నోట్సు పోగేశాను. ఏ ప్రోగ్రాం అడిగినా కళ్ళు మూసుకుని రాసేదాన్ని. మొదటి ఇంటర్వ్యూలో ఒకాయన తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాసి, "ఇది రన్ చేస్తే ఏం వస్తుందో చెప్పమ్మా" అన్నాడు. అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా చెప్పలేకపోయాను. బస్సులో తిరిగొస్తుంటే అర్థమైంది, నాకు ప్రోగ్రాం రాయడం వచ్చుగానీ చదవడం రాదని. మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటినా అదే పద్ధతి, నీకు నేర్పాలనుకుంటున్నదీ అదే.

ప్రోగ్రాం టైపు చేశాక వెంటనే రన్ చెయ్యకు. ఏం వస్తుందనుకుంటున్నావో ముందు పుస్తకంలో రాయి. తర్వాత రన్ చెయ్యి. నువ్వు రాసిందే వస్తే ముందుకు వెళ్ళు. వేరేది వస్తే అక్కడ ఆగు, ఎందుకలా వచ్చిందో తేలేదాకా పేజీ తిప్పకు.

ఉదాహరణకి 5ని 2తో భాగించి ప్రింట్ చెయ్యి. నువ్వు మ్యాథ్స్ పిల్లవి, 2.5 అని రాస్తావు. జావా 2 అంటుంది. రెండూ పూర్ణ సంఖ్యలైతే జవాబు కూడా పూర్ణ సంఖ్యే కావాలని దాని నియమం, మిగిలింది వదిలేస్తుంది. 2 బదులు 2.0 అని పెడితే 2.5 వస్తుంది. తర్వాత సున్నాతో మొదలుపెట్టి 0.1ని పదిసార్లు కూడు. 1 అని రాసి ఉంటావు. వచ్చేది 0.9999999999999999. మనం 1ని 3తో భాగిస్తే 0.333 అంటూ ఎక్కడా ఆగనట్టే, 0, 1 అనే రెండే అంకెలతో కంప్యూటర్ చేసే లెక్కలో 0.1 ఎక్కడా ఆగదు. ఒకచోట తెంపాల్సిందే, ఆ తెంపిన ముక్కలే చివరికి తేడాగా తేలతాయి. ఉద్యోగం మొదట్లో ఒక బిల్లింగ్ పనిలో డబ్బుని ఇలాగే డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యలు దాచే రకంలో, పెట్టారు. నెలాఖరు మొత్తంలో పైసల తేడా. దాన్ని పట్టుకోవడానికి మా టీం రెండు రాత్రులు కూర్చుంది. అందుకే డబ్బు ఎప్పుడూ పైసల్లోకి మార్చి లాంగ్ అనే పెద్ద పూర్ణ సంఖ్యల రకంలో పెట్టు, లేదా దశాంశాల్ని తెంపకుండా ఉంచే బిగ్‌డెసిమల్ వాడు.

సరంజామా పెద్దగా ఏం అక్కర్లేదు. నీ పాత ల్యాప్‌టాప్ చాలు. జావా ప్రోగ్రాములు తయారుచేసి నడిపే సరంజామా పేరు ఓపెన్ జేడీకే, అది ఉచితం. జావా 21 గానీ 25 గానీ దించుకో, రెండూ ఏళ్ళ తరబడి మద్దతు ఉండే వెర్షన్లు. ఆరు నెలలకోసారి కొత్తది వస్తూనే ఉంటుంది, వాటి వెంట పరిగెత్తకు. మొదటి రెండు వారాలు మాత్రం నోట్‌ప్యాడ్, కమాండ్ ప్రాంప్ట్ తప్ప వేరేవి ముట్టుకోవద్దు. కంపైల్ చెయ్యగానే, అంటే నువ్వు రాసింది జావా నడిపే రూపంలోకి మార్చగానే, నీ ఫైలు పక్కన క్లాస్ ఫైలు అని ఇంకోటి పుడుతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు, అంతా పిచ్చి గీతలు. అదే బైట్‌కోడ్. పిండి ఒకసారి రుబ్బి పంపితే ఎవరింట్లో పొయ్యి మీద వాళ్ళు వేసుకున్నట్టు, ఆ ఫైలుని విండోస్‌లో ఉన్న జేవీఎం (బైట్‌కోడ్‌ని నడిపే ప్రోగ్రాం) అక్కడ, లైనక్స్‌లో ఉన్నది అక్కడ నడిపిస్తుంది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాని బయటికి తెచ్చినప్పుడు జేమ్స్ గోస్లింగ్ బృందం చూపించిన గొప్ప ఇదే. ఇది కంటితో చూశాక, కోడ్ రాసుకోవడానికి ఇంటెలిజే గానీ ఎక్లిప్స్ గానీ పెట్టుకో. జావా 25లో ప్రోగ్రాం మొదలయ్యే చోటైన మెయిన్‌ని పొట్టిగా రాయొచ్చుగానీ, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ అంటూ పొడుగ్గానే అలవాటు చేసుకో. ఆఫీసుల్లో ఉన్న కోడ్ అంతా అదే. ఆ మూడు మాటల అర్థం క్లాసులు వచ్చాక దానంతటదే తెలుస్తుంది, ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకు.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. జావా కీవర్డులన్నీ కలిపి యాభై చిల్లర. మొదటి నెల పాతికతో గడిచిపోతుంది. ఎర్రర్ మెసేజ్‌లలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలూ కొన్నే. అవి ఎదురైనప్పుడల్లా పుస్తకం చివరి పేజీల్లో అర్థం తెలుగులో రాసుకో. ఒకరోజు సరదాగా "తెలుగు" అనే మాట స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, పెట్టి దాని లెంగ్త్ అడుగు. 3 అని రాస్తావు, 6 అంటుంది. మనం "తె" అని ఒకే అక్షరంగా చూస్తాం. అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో "త" ఒకటి, దాని ఎత్వం ఇంకొకటి. "లు", "గు" కూడా అంతే.

ఎర్రర్లు చూసి పిల్లలు బెదిరిపోవడం చాలా చూశాను. ఒక బ్రాకెట్ మర్చిపోతే ఇరవై ఎర్రర్లు కురుస్తాయి. అన్నిటికంటే పైనున్న ఒక్కటి చదివి, అది సరిచేసి, మళ్ళీ కంపైల్ చెయ్యి. మిగతావి చాలావరకు మాయమైపోతాయి. రన్ అవుతూ మధ్యలో ఆగిపోతే స్టాక్ ట్రేస్ అని పొడుగ్గా ఒకటి వస్తుంది. అందులో పై లైను ఏం జరిగిందో చెప్తుంది. తర్వాత కిందికి దిగుతూ నీ ఫైలు పేరు మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగు, పక్కనే లైను నంబరు ఉంటుంది. "ఇండెక్స్ 5, లెంగ్త్ 5" అన్నదనుకో, అయిదు గదులున్న వరుసలో నువ్వు ఆరోది అడిగావని అర్థం. లెక్క సున్నా నుంచి కాబట్టి ఆఖరి గది నంబరు 4. ఎర్రర్ నిన్ను తిట్టడం లేదమ్మా, తప్పెక్కడుందో లైను నంబరుతో సహా చూపిస్తోంది.

వేరియబుల్స్, ఇఫ్, లూపులు, మెథడ్స్, అరేలు. వీటికి ఆరు వారాలు, రోజుకి రెండు గంటలు. ఆ తర్వాత ఏ పుస్తకంలోనైనా జంతువు, కుక్క, మొరగడం అంటూ ఉదాహరణలు వస్తాయి. అవి ఒకసారి చూసి వదిలేయ్. నువ్వు నాన్న అరువు పుస్తకాన్ని జావాలో రాయి.

ఆ పుస్తకం నీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఖాతాదారు అనేది ఒక క్లాసు, అంటే ఒక నమూనా. పేరు, ఫోను, బాకీ ఉంటాయి. అరువు రాయడం, జమ వేసుకోవడం దాని మెథడ్స్, అంటే అది చేసే పనులు. రంగమ్మ, మస్తాన్, ఎదురింటి మాస్టారు, వీళ్ళు ఆ నమూనాతో చేసిన ఆబ్జెక్టులు. బాకీని ప్రైవేట్‌గా పెట్టాలి. ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఆ పుస్తకంలో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వడు కదా. ఎవరొచ్చి డబ్బిచ్చినా తనే రాస్తాడు, రాసి మొత్తం చదివి వినిపిస్తాడు. ఎన్‌క్యాప్సులేషన్ అని ఇంటర్వ్యూలో అడిగేది దీని గురించే.

ఇది రాస్తుంటే నీ పుస్తకంలో తప్పు జవాబులు వరసగా పడతాయి. కొన్ని ముందే చెప్తున్నాను, అయినా నువ్వు పడితేనే గుర్తుంటాయి. టైపు చేసింది చదివే స్కానర్‌తో ముందు మొత్తం, తర్వాత పేరు అడిగావనుకో. పేరు టైపు చేసే అవకాశం ఇవ్వకుండానే ఖాళీగా ముందుకు దూకేస్తుంది. నెక్స్ట్‌ఇంట్ అంకె వరకే తీసుకుని, నువ్వు కొట్టిన ఎంటర్‌ని అక్కడే వదిలేసింది. ఆ మిగిలిపోయిన ఎంటర్‌నే నెక్స్ట్‌లైన్ చదువుకుని, పేరు వచ్చేసిందనుకుంది. మధ్యలో ఒక నెక్స్ట్‌లైన్ ఊరికే పిలిస్తే సరిపోతుంది.

తర్వాత రంగమ్మ కోసం వెతుకుతావు. టైపు చేసిన పేరుని "రంగమ్మ"తో రెండు సమాన గుర్తులు పెట్టి పోల్చి, ట్రూ అని రాస్తావు. ఫాల్స్ వస్తుంది. నన్ను ఆ ఇంటర్వ్యూలో ఆపేసింది ఇదే. ఒకే పద్దు రెండు పుస్తకాల్లో రాసి ఉంటే రాత ఒకటే, పుస్తకాలు వేరు. రెండు సమాన గుర్తులు "ఇది అదే పుస్తకమా" అని అడుగుతాయి. ఈక్వల్స్ మెథడ్ "రాత ఒకటేనా" అని అడుగుతుంది. స్ట్రింగులకి ఎప్పుడూ ఈక్వల్స్.

ఇక హ్యాష్‌మ్యాప్‌లో, అంటే ఒక గుర్తు (కీ) చెప్తే దానికి సంబంధించింది తీసిచ్చే పెట్టెలో, పేరుని కీగా పెట్టి ఖాతాలన్నీ దాస్తావు. బానే నడుస్తుంది. ఒకరోజు రెండో రంగమ్మని చేరుస్తావు. మొదటి రంగమ్మ బాకీ ఉన్నట్టుండి మాయం. ఎర్రర్ కూడా రాదు, అదే కీతో ఇంకోటి పెడితే పాతదాని చోట కొత్తది కూర్చుంటుంది. నాన్న పుస్తకంలో "బావి పక్క రంగమ్మ", "టైలరు రంగమ్మ" అని ఎందుకు రాస్తాడో అప్పుడు నీకు తెలుస్తుంది. సరే, ఫోన్ నంబరుని కీ చేద్దామని ఇంట్ అనే మామూలు పూర్ణ సంఖ్యల రకంలో పెడతావు. సంఖ్య మరీ పెద్దదని కంపైలరే ఒప్పుకోదు. ఇంట్ పట్టేది 2147483647 వరకే. మన ఫోన్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలయ్యే పదంకెలవి. లాంగ్‌లో పడతాయిగానీ, ఫోన్ నంబర్లని మనం కూడం, తీసెయ్యం కదా, స్ట్రింగే మేలు.

ఇది నడిచాక లిస్టులు, ఎక్సెప్షన్లు, ఇంటర్‌ఫేస్‌లు, ఫైల్లో దాచడం, తర్వాత డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్, కోడ్ మార్పుల్ని దాచే గిట్. స్ప్రింగ్ బూట్ (జావాలో వెబ్ అప్లికేషన్లు త్వరగా కట్టే సరంజామా) అంటూ అందరూ తొందరపెడతారు. అరువు పుస్తకం డేటాబేస్‌లోకి ఎక్కేదాకా దాని జోలికి వెళ్ళకు. ముందే వెళ్ళినవాళ్ళు ఏ లైను ఎందుకుందో తెలియక కాపీ కొడుతూ మిగిలిపోవడం నా టీంలోనే చూశాను, బాధేస్తుంది. తెలివైన పిల్లలే వాళ్ళు. ఏఐ విషయం కూడా అంతే. నేనూ ఆఫీసులో వాడతాను. నువ్వు మాత్రం మొదటి మూడు నెలలు దాన్ని ప్రోగ్రాం రాసిపెట్టమని అడగకు. నీ ఊహ పుస్తకంలో రాసి, రన్ చేసి, అరగంట కొట్టుకున్నా తేలకపోతే, అప్పుడు ఎందుకలా వచ్చిందో వివరించమని అడుగు.

కోర్సులో చేరాలనిపిస్తే చేరు, తోటివాళ్ళుంటే హుషారుగా ఉంటుంది. ఫీజు కట్టే ముందు రెండు డెమో క్లాసులకు వెళ్ళు. ఎవరి ప్రోగ్రాంలోనైనా తప్పు వస్తే సారు ఏం చేస్తున్నాడో గమనించు. కీబోర్డు లాక్కుని తనే సరిచేస్తే ఇంకోచోటు వెతుక్కో. "ఎర్రర్ ఏమంటోందో పైకి చదువు" అన్నాడా, అక్కడ చేరు. ఉద్యోగం గ్యారంటీ, దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అనేవాళ్ళ గుమ్మం తొక్కకు.

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి నాకు ఖాళీ. ఆ వారం పుస్తకంలో నువ్వు తప్పు ఊహించిన పేజీల ఫోటోలు శనివారం రాత్రే పంపు, చూసి ఉంచుతాను. సరిగ్గా వచ్చినవి పంపక్కర్లేదు. నాన్నని ఆ రెండో రంగమ్మ సంగతి అడుగు, చాలా ఏళ్ళ క్రితం నిజంగానే ఒకరి బాకీ ఇంకొకరికి రాసి గొడవైంది, ఆయనే చెప్తాడు.

నీ అత్తయ్య